డాక్టరమ్మ చెప్పిన ఒకాయన

హజరక్కా, నన్ను గుర్తు పట్టల్యాదని మాత్రం అనొద్దు. జమ్మలమడుగు బస్టాండులో దిగి, నీ ఇల్లు యాడని నలుగుర్ని అడిగి వచ్చినా. నలుగురితో మాట్లాడేదంటే నాకెంత కష్టమో నీకు తెలీదా? ప్రొద్దుటూరులో డాక్టరమ్మ ఆసుపత్రిలో నువ్వు నర్సుగా ఉన్నెప్పుడు, నొప్పయితాందా అని అడిగితే కూడా తల ఊపేదాన్ని గానీ నోరు తెరిచింటినా?

ఆ, కన్యకను. బట్టలంగడి నాగేశ్వరయ్య పెండ్లాన్ని. తలుపెయ్యొద్దక్కా.

నా కూతురు అమూల్యకు సంబంధం కుదిరింది. బేస్తవారం తాంబూలాలు. నువ్వు నవ్వుతాండావు గానీ, నాకు వారం నుంచి అన్నం దిగల్యా.

పులివెందుల పిల్లోడు, వంశీకృష్ణ. ఎరువులంగడి వాళ్లు. గోత్రాలు చూసినారు, వేరే వేరే. పంతులు శుభమన్న్యాడు. పెండ్లిచూపుల పొద్దు అందురూ తీపి ఓళిగలు తింటాండారు. నేను వంటింట్లో ఉంటే ఆ పిల్లోని తల్లి వచ్చి నా పక్కన నిలబడి ఏమనిందో తెలుసా? "మాకూ తొమ్మిదేండ్లు పిల్లల్లేరొదినా. ప్రొద్దుటూరులో ఆ డాక్టరమ్మ కాడ చూపించుకుంటే వీడు పుట్టినాడు" అనింది.

నా చేతిలో నెయ్యి గిన్నె జారిపాయ.

ఏంటికి భయం అంటావా? నువ్వే అడగొచ్చునా ఆ మాట?

మా ఇంటాయప్ప వల్ల బిడ్డలు పుట్టరని డాక్టరమ్మ చెప్పిన పొద్దు నువ్వు ఆ రూములోనే ఉండావు. వేరే మొగమనిషి దానం చేసిన బీజం వాడదాం, ఆయన పేరు మీకూ చెప్పం, మీ పేరు ఆయనకూ చెప్పం అనింది. మా ఇంటాయప్ప ఒకే మాట అడిగినాడు. "మా వైశ్యులాయనదే ఇస్తారా?" అని. ఆయమ్మ పకపకా నవ్వింది. "మీ వాళ్లెవరొచ్చినా ఇదే అడుగుతారయ్యా. ఒకాయన ఉన్నాడులే, బాగా చదువుకున్నాడు" అనింది.

ఒకాయన! ఆ మాటకు మేము సంబరపడినాం హజరక్కా. కులం చెడలేదని అమ్మవారిశాలలో కొబ్బరికాయ కొట్టినాం. అడిగినోళ్లందరికీ ఆ ఒకాయనదే ఇచ్చింటే?

పెండ్లిచూపుల పొద్దే పిల్లోని చిన్నమ్మ ఎగతాళి పట్టించింది. "పెండ్లికి ముందే ఇద్దరి మొగాలూ కలిసినాయి చూడండి!" అనింది. అందురూ నవ్విరి. నేనూ నవ్వితి.

ఏమో, వాళ్లకు ఉత్త మాత్రలే ఇచ్చిందేమో. పిల్లోని తల్లిని ఎట్ల అడిగేది? ఒదినా, నీ కొడుకు ఎవురి బిడ్డ అని అడుగుదునా?

ఊ. డాక్టరమ్మ పాయ, రిజిస్టర్లు చెదలు తినె అంటావు. పేరు నీకూ తెలీదంటావు. నీ మనవరాలి మీద ఒట్టేసి... ఒద్దులే, ఒట్టు ఒద్దు. నమ్ముతా.

ఇద్దరిదీ ఒకే రక్తమా అని పరీక్ష చేయించమంటావా? అది అమూల్యకూ చెయ్యాల, ఆ పిల్లోనికీ చెయ్యాల. ఇద్దరికీ చెప్పాల కదక్కా!

మా ఇంటాయప్పకు షుగరుండె. ఆయప్ప పోయి మూడేండ్లాయ. అప్పట్నుంచి అమూల్య ఆర్నెల్లకోసారి షుగరు పరీక్షకు రక్తం ఇచ్చొస్తాది. "నాయనకుండె కదమ్మా, నాకూ వస్తాది" అని ఓళిగ ముట్టదు. నేను చూస్తా ఉంటా. మాట నాలిక మీదికి వస్తాది. మింగుతా. దాని ఒంట్లో ఎవురి రక్తముండాదో, ఎవురి జబ్బుండాదో తెలుసుకునే హక్కు దానిది కాదా? దానిదే. అయిదో తరగతి చదివినా గానీ ఆ మాత్రం నాకూ తెలుసు.

సంబంధం తప్పించేకి చూసినా. అవునక్కా, నేనే. జాతకంలో దోషముండాదని చెప్పమని పంతులి కాళ్లు పట్టుకున్న్యా. ఒప్పుకోల్యా. ఒప్పుకున్నింటే మాత్రం ఏం లాభం? రేపు మైదుకూరు నుంచి ఇంకోడొస్తాడు, కడప నుంచి ఇంకోడొస్తాడు. మావాళ్లలోనే కదా ఇచ్చేది. వచ్చినోని మొగంలో అంతా ఆ ఒకాయన్ను వెతుక్కుంటా కూచోవాల్నా నేను?

బిడ్డకే చెప్పేయమంటావు. ఎట్ల చెప్పేది? మా ఇంటాయప్ప పోయే ముందు రోజు నా చెయ్యి పట్టుకోని అడిగినాడు. "నీ నోటితో దానికి చెప్పొద్దు కన్యకా. దాన్ని నా బిడ్డగానే ఉండనీ." సరే అన్న్యా. చచ్చిపోతాండే మనిషికి ఇంకేం చెప్తా?

అక్కా, కోపం చేసుకోవద్దు. నేను పేరు అడిగేకి రాల్యా. నీకు తెలీదని ముందే అనుకున్న్యా. అమూల్య నాతోపాటే వచ్చింది. సందు మొగదల గాజులంగడిలో కూచోనుండాది. తెలిసినామెను పలకరించొస్తానని చెప్పి వచ్చినా.

దాన్ని పిల్చుకొస్తా. నువ్వు చెప్పు. నా నోటితో వద్దన్న్యాడు గానీ, ఇంకొకరి నోటితో వద్దన్ల్యా కదా ఆయప్ప.

నేను బయట మెట్టు మీద కూచుంటా. అది ఏడ్చినా నన్ను పిలవొద్దు, తిట్టినా పిలవొద్దు. మరి అమ్మన్నా నా సొంత అమ్మేనా అని అడిగితే మాత్రం పిలువక్కా. ఆ ఒక్కటి నేనే చెప్పుకుంటా.