నీరటి మైసయ్య కేక

చెరువు అలుగుకాడి చింతచెట్టు లేదా, మున్సిపాలిటోళ్లు పార్కు కట్టిన కాడ, గా చెట్టు దిక్కు పొద్దుగూకుతుంటే మనోళ్లెవ్వరు పోరు. ఎందుకు పోరో ఎరికేనా? దగ్గరికి జరుగుండ్రి, చెప్త. నడుమల నవ్విండ్రనుకో, లేచి పోత.

చెరువు నిండితే మిగులు నీళ్లు పోనీకి ఆడ ఒక కాలువ ఉండె. నీళ్లకు కావలుండేటోడు నీరటి మైసయ్య. అలుగు దుంకే ముందు కాలువ పొడుగునా నడుసుకుంట మూడుసార్లు కేకేసేటోడు, నీళ్లొస్తున్నయ్, కాలువల ఉన్నోళ్లు గడ్డకు రాండ్రి అని. బట్టలుతికేటోళ్లు, బర్లను కడిగేటోళ్లు, అందరు ఆ కేక ఇని బయటవడేటోళ్లు. ముప్పై ఏండ్లల్ల ఒక్క పానం పోలే.

గసోంటి కాలువను పూడ్చిండ్రు! ఊరికి అందం గావాల్నట, అందం! మట్టి పోసి, గడ్డి పరిచి, సిమెంటు కొంగలను నిలవెట్టిండ్రు. కాలువల బతికిన అసలు కొంగలు ఏడవోయినయో అడిగినోడు లేడు. మైసయ్య పోయి, ఇది నీళ్ల తొవ్వ సారూ, కాలువనే బాగుజేసి గట్టు మీద చెట్లు పెట్టుండ్రి, అదే పార్కయితదని మొత్తుకుంటే, నీకేం తెలుసు ముసలోడా అని పార్కు కట్టే కంట్రాక్టరు గేటు బయటికి నూకిచ్చిండు. ఆ మనాదితోనే మనిషి గా చింతచెట్టు కింద పానమిడిసిండు.

ఇగ ఆ వానకాలం సంది, చెరువుల నీళ్లు పెరిగినప్పుడల్లా, పొద్దుగూకంగ చెట్టుమీదికెల్లి అదే కేక. జనం జడుసుకొని పార్కుకు వచ్చుడు బందువెట్టిండ్రు. మైసయ్య పెండ్లాం బుచ్చవ్వ ఒక్కతే భయపడలే. ఆమెకు ఒళ్లు మండింది. బతికున్నప్పుడు ఇనకపోతిరి, సచ్చినంక చెప్తుండు, ఇప్పుడన్న ఇనుండ్రి అని ఇంటింటికి తిరిగి తిట్టింది. మరి కంట్రాక్టరు ఏం జేసిండు? కాలువ తవ్విచ్చిండా? కేక ఇనబడకుండ పార్కు నిండ మైకులు పెట్టిచ్చి పాటలేసిండు!

బుచ్చవ్వ బిడ్డ సత్తెమ్మది ఆ పార్కులనే గడ్డి పీకే పని. ఒకనాడు ఎగువ ఊర్లల్ల వాన దంచి చెరువు నిండింది. సాయంత్రం పాటలు మోగుతుంటే, ఆ మోత కింద సన్నగ మైసయ్య కేక బుచ్చవ్వ చెవుల వడ్డది. ఉరికింది. మైకు బంజేయుండ్రి, నా బిడ్డ లోపటుందని గేటుకాడ కాళ్లు మొక్కింది. ముసల్దానికి దయ్యం పట్టిందని కావలోళ్లు రెక్కలు పట్టి ఆపిండ్రు. సత్తెమ్మా, సత్తెమ్మా అని తల్లి అరిసి అరిసి గొంతు పోయింది. అవతలి కొసకు ఒంగి పనిజేసుకునే పిల్లకు పాటలు తప్ప ఇంకేం ఇనొస్తది? నీళ్లొచ్చి ఎత్తుకపోయినయ్. పిల్ల మూడోనాడు దొరికింది.

మట్టిజేసిన తెల్లారి బుచ్చవ్వ చెట్టు కిందికి పోయి, ఊరిని తిట్టింది, కంట్రాక్టరును తిట్టింది, ఆఖరుకు మొగన్ని తిట్టింది. ఎవల కోసమయ్యా నీ అరుపులు, వీళ్ల కోసమా? సొంత బిడ్డ చెయ్యి వట్టి గుంజరాని కేక ఎందుకు, ఇగ బంజెయ్యి, పో అన్నది.

ఆనాటి సంది కేక లేదు. పార్కుకు మల్ల రంగులేసిండ్రు, కొత్త బెంచీలేసిండ్రు, కాలువ మాత్రం తవ్వలే. దయ్యం పోయింది, ధైర్యంగ రాండ్రని కంట్రాక్టరు ఊరంత చెప్పుకుంట తిరుగుతుండు. వాడు చెప్పేది నిజమే బిడ్డా, పోయింది. అందుకే అంటున్న, ఆడికి పోకుండ్రి. దయ్యం ఉన్నప్పుడే నయముండె.