సగం గుచ్చిన తీగ

హలో… ఆ, నేనే అక్కా. చెప్పు.

నీ కొడుకు దొరగారు ఇంకా పడుకోలేదా?… వినబడుతోంది, వినబడుతోంది. ఫోన్ వాడి నోటి దగ్గర పెట్టి మరీ వినిపించక్కర్లేదు, చెవి గూబ అదిరిపోయింది.

ఆ, పెడతా… పెడతా అంటున్నాగా… ఒక్క నిమిషం…

అక్కా, ముందు నువ్వు కూర్చో… కూర్చున్నావా?… అబ్బే, ఎవరికీ ఏమీ కాలేదు. అందరం బానే ఉన్నాం. నా సంగీతం మిషనూ బానే ఉంది. వాణ్ణి పడుకోబెట్టే ఆ శబ్దమే… లేదు.

పోయింది.

పోయిందంటే… పోయింది. నేనేం పారేసుకోలేదక్కా, శబ్దాన్ని ఎవరన్నా పారేసుకుంటారా?… ఇంకెవరు, మీ మరిది. ఇవాళ షాపుకి సెలవు కదా, మిషన్ పెట్టిన బల్ల దుమ్ము పట్టిందట… ఆ, దులిపారు. దులిపి ఊరుకుంటే పోనీలే అనుకోవచ్చు. తీగలన్నీ పీకేసి, తడిగుడ్డతో తుడిచి, ఎర్రవి ఎర్రవాటితో, పసుపువి పసుపువాటితో కట్టలు కట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి డబ్బాలో పెట్టారు. మందుల షాపు మనిషి కదా, ఏదైనా అరలో కూర్చుంటే తప్ప ఆయనకి ముద్ద దిగదు… పైగా 'ఇలా రా, ఎంత బాగుందో చూడు' అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించారు.

తిట్టలేదక్కా.

…వెనక్కి తెచ్చే బటనేదీ లేదు. ఉంటే నొక్కనా?… అది కంప్యూటర్ కాదు, దానికి ఏదీ గుర్తుండదు. ఎన్నిసార్లు చెప్పాను నీకు?… ఆ, నువ్వు టెలిఫోన్ ఎక్స్ఛేంజి అని వెక్కిరిస్తావు చూడు, అదే. ఏ డబ్బాలోంచి ఏ డబ్బాలోకి తీగ గుచ్చామో, ఏ నాబ్ ఎంత తిప్పామో, అదే పాట. తీగ పీకితే ఇక అంతే సంగతులు.

రికార్డు చేసింది ఉంది, కానీ దొరగారు ఒప్పుకోరుగా! అది అయిపోయి మళ్ళీ మొదలయ్యేసరికి టక్కున కళ్ళు తెరిచి రాగం అందుకుంటున్నాడని నువ్వే చెప్పావు. అసలు శబ్దం ఒకసారి తిరిగినట్టు ఇంకోసారి తిరగదు. ఆ మోసం వాడు కనిపెట్టేశాడు. అందుకేగా రోజూ ఈ వేళకి నువ్వు ఫోన్ చెయ్యడం, నేను మిషన్ ముందు పెట్టడం, వాడు నీ స్పీకర్లోంచి విని పడుకోవడం.

ఫోటో కూడా తీశానే. నీకు పంపనా? చిక్కుపడ్డ ఊలు ఉండని పై నుంచి తీసినట్టుంది. ఏ తీగ ఎటు పోయిందో తీసిన నాకే తెలియట్లేదు.

అక్కా… ఏడుస్తున్నది వాడా, నువ్వా?… ఇద్దరూనా.

ఆగాగు. రేపేనా డ్యూటీ?… రేపేనా! వచ్చే వారం అనుకున్నానే… తెల్లారి మొదటి బస్సా. ఎన్నాళ్ళ నుంచి సరిగ్గా నిద్రలేదు నీకు… ఆ కళ్ళతో అంతమందిని వెనకాల కూర్చోబెట్టుకుని బస్సు తోలతావా? ఇంకొన్నాళ్ళు సెలవు పొడిగించమని అడుగు… డిపోలో ఇవ్వరా?… నువ్వే అడగవా. అవునులే, నీకు బస్సంటే ప్రాణం. పెళ్ళిచూపుల్లో బావని కూడా 'నైట్ షిఫ్టు అయితే ఏమంటారు' అనేగా మొదట అడిగావు.

సరే, కట్ చెయ్యకు. ఆ తీగలు నేను మళ్ళీ కడతా.

…నేనే. ఇంకెవరొచ్చి కడతారు?… నిజమే, అప్పుడు పొరపాటునే వచ్చింది. మీరు మా ఇంటికి వచ్చిన రోజు వీడు ఇల్లు పీకి పందిరేస్తుంటే, ఏదో ఒకటి వినిపిద్దామని చేతికందిన తీగ చేతికందిన చోట గుచ్చా. వీడు నోరు మూశాడు. నేను చెయ్యి తియ్యడానికి కూడా భయపడ్డా. అప్పటి నుంచి ఆ తీగలు ముట్టుకోలేదక్కా, తెలుసా? కొత్తగా ఒక్క ముక్క నేర్చుకుందామన్నా వీల్లేదు. లక్షణంగా సంగీతం నేర్చుకుందామని మొదలుపెట్టిన మిషన్ ఉయ్యాల అయి కూర్చుంది… లేదు, దెప్పడం లేదు. కొంచెం దెప్పుతున్నా. 

ఈసారి కావాలని తెప్పిస్తా. నవ్వకు.

స్పీకర్లో పెడుతున్నా. వినపడుతోందా?… ఇది మొదటి డబ్బా. శబ్దం పుట్టించేది ఇదే. నేను మొట్టమొదట తెచ్చుకున్నది. గుర్తుందా, ఆ రోజు నిన్ను పిలిచి మరీ చూపిస్తే ఎంత తిప్పినా కిక్కురుమనలేదు? కరెంటిచ్చే డబ్బా వేరేగా తెచ్చుకోవాలని ఎవరికి తెలుసు!… ఆ, అది తెచ్చాక ఆగితేగా. బుయ్యిమని ఒకటే మోత. ఆపాలంటే ఇంకో డబ్బా కావాలట. ఆ డబ్బాకి ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో చెప్పడానికి ఇంకోటి. ఈ జబ్బే అంతక్కా. చూస్తుండగానే బట్టల సూట్‌కేసు నిండిపోయింది. అందులోని బట్టలేమో ఇప్పటికీ కుర్చీ మీదే ఉన్నాయి.

ఇదీ శబ్దం పుట్టించేదే, రెండోది. ఇది నేను సొంతంగా అతికింది. పగలంతా ల్యాబులో కట్టుడు పళ్ళు చేసే చేతులు, టంకం వెయ్యడం ఓ లెక్కా అనుకున్నా. అంతా ముత్యాల్లా అతికి, చివర్లో వెనక కరెంటు పట్టీ తిరగేసి గుచ్చా. దాని ఎర్రగీత కిందికి ఉండాలి. నేను పైకి పెట్టా… అవును, ఆ పొగే. మీ మరిది బకెట్ నీళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది అప్పుడే. నీళ్ళు పోయకండి మహాప్రభో అని నేను సూట్‌కేసు మీద అడ్డంగా పడుకున్నా.

ఇప్పుడా? ఇప్పుడు కళ్ళు మూసుకుని గుచ్చుతా ఎర్రగీత.

విను. రెండూ ఒకే శ్రుతికి తెచ్చా. ఇప్పుడు ఒకదాన్ని వెంట్రుకవాసి పక్కకి జరిపితే… ఇదిగో… ఊగుతోందా?… మరీ గబగబా ఊగుతోందా? ఇప్పుడు?… ఆ, అంతే. ఇంక పైన ఆ కీచుదనం తగ్గించాలి. దానికి ఇదీ… కంబళి కప్పినట్టు… ఎలా ఉంది?

కాదా?… ఏం కాదు?

వాడు ఇంకా ఏడుస్తున్నాడని నాకూ వినపడుతోందక్కా. నువ్వు చెప్పు, ఏది తక్కువైంది?… గరగర? ఎలాంటి గరగర? గొంతు పట్టేసినట్టా?… బస్సా? ఏ బస్సు?

ఏంటీ, మళ్ళీ చెప్పు… ఎర్రలైటు దగ్గర ఆగి, న్యూట్రల్‌లో ఉన్నప్పుడు… సీటు కింద నుంచి వచ్చినట్టు… మొదటిరోజు నుంచీ నీకు అలాగే అనిపించిందా? మరి నాతో అనలేదేం?… నా మిషన్ని బస్సు అంటే నొచ్చుకుంటానని. టెలిఫోన్ ఎక్స్ఛేంజి అంటే మాత్రం నొచ్చుకోను కాబోలు.

అక్కా… ఆగు. వాడు కడుపులో ఉన్నప్పుడు ఎన్నో నెల దాకా తోలావు నువ్వు?… ఏడో నెల. స్టీరింగ్‌కి పొట్ట తగిలేదాకా.

ఓరి భడవా!

అర్థం కాలేదా? వాడికి కావలసింది నా పాట కాదక్కా, నీ బస్సు! వాడు పుట్టకముందే నీతో డ్యూటీ చేశాడు. ఇంట్లో నిశ్శబ్దంగా ఉంటే వాడికి నిద్దరెలా పడుతుంది?

అక్కా… ఏమైంది?… మళ్ళీ ఏడుపెందుకు?… నేనూ ఏడుస్తా చూడు అలా అయితే. ఇన్నాళ్ళూ కళాకారిణిని అయిపోయానని ల్యాబులో అందరికీ చెప్పుకున్నా. మొదటి అభిమాని అని వాడి ఫోటో కూడా చూపించా… సర్లే, నవ్వావు, అది చాలు.

ఇక నువ్వు చెప్పు, నేను తిప్పుతా. డ్రైవరువి నువ్వు.

ఇంకా కిందికా?… ఇంకా?… ఇది?… అంత కొత్త బండి కాదా? సరే, పాతబండి చేస్తా… ఇదిగో, కాస్త దగ్గు కలిపా… బరువు చాల్లేదా. జనం ఎక్కిన బస్సులా ఉండాలా? నిలబడ్డవాళ్ళతో సహా?… ఇప్పుడు?… గేరేంటి? అక్కా, ఇక్కడ గేరు లేదు. క్లచ్చూ లేదు. ఉన్నవాటితో సర్దుకో.

తగ్గాడా?… వెక్కుతున్నాడా. కళ్ళు తెరిచే ఉన్నాయా… వచ్చేశాం అయితే. ఇంకేం కావాలి?

టకటకా?… నీ సీటు వెనక అద్దం. వదులుగా ఉండి అదురుతూ ఉంటుంది… మెకానిక్‌కి చెప్పీ చెప్పీ విసిగిపోయావు. నిజమే, అప్పుడు ఈ శబ్దంలోనూ ఏదో టకటకమనేది… నా దగ్గర అద్దాల డబ్బా లేదక్కా! ఎక్కడి నుంచి వచ్చింది మరి అది?

ఉండు, ఆలోచించనీ. అన్ని తీగలూ సరిగ్గానే ఉన్నాయి. ఈ చివర చూశా, ఆ చివర చూశా. ప్రతిదీ టక్‌మని కూర్చునేదాకా గట్టిగా గుచ్చా… గట్టిగా…

అదే!

అప్పట్లో నాకు సరిగ్గా గుచ్చడమే రాదుగా! టక్‌మని చప్పుడయ్యేదాకా నొక్కాలని తర్వాతెప్పుడో తెలిసింది. ఆ రోజు కంగారులో ఏదో ఒకటి సగమే గుచ్చి వదిలేసి ఉంటా. అది లోపల తగిలీ తగలక… ఏ తీగ?… ఇది కాదు… ఇదీ కాదు, ఇది లాగితే మొత్తం శబ్దమే పోయింది… భయపడకు, మళ్ళీ పెట్టా… ఇది… మెల్లగా… ఇంకాస్త…

వచ్చిందా? అక్కా, అదేనా? వచ్చిందా?

ఎందుకలా గుసగుసగా… ఓ. సగం మూశాడా కళ్ళు. సరే. నేనూ గొంతు తగ్గిస్తా.

కాకపోతే ఒక చిక్కుంది. అప్పుడెలా నిలిచిందో గానీ, ఈ తీగ వదిలితే జారిపోతుంది. ఎంతసేపని పట్టుకుని కూర్చోను… ఆగాగు, ల్యాబు సంచిలో మైనం ఉంది. పళ్ళ అచ్చులకి వాడేది. ఒంటిచేత్తో తీస్తున్నా… ఇదిగో… చుట్టూ ఇంత ముద్ద… వదులుతున్నా… నిలబడింది. నిలబడింది అక్కా!

ఏ తీగ ఎందుకుందో నాకు తెలుసిప్పుడు. అన్నీ తెలుసు. రేపు ఆయన మొత్తం పీకి పెళ్ళి పందిరికి తోరణాలు కట్టినా, మళ్ళీ చేసిపెడతా నీకు. నిజంగా. ఇంక నాకు భయం లేదు. తీగలు పీకి కొత్తవీ నేర్చుకుంటా… నువ్వు కూడా కాసేపు నడుం వాల్చు. నేను ఇక్కడే ఉంటా.

…ఒక్క మాటన్నా పొగడవేం? ఇంత చేస్తే.

అక్కా?… హలో?

ఈ గురక నా మిషన్ది కాదే… వాడిదీ కాదు, వాడికంత గొంతు లేదు.

అక్కా… రేపు బస్సు ఎక్కాక మాత్రం ఈ చప్పుడుకి పడుకోకే తల్లీ.

ష్… ఏమండీ, అక్కడే ఆగండి. చేతిలో ఏంటది?… గుడ్డ కింద పెట్టండి… ఊఁ, చూశా, చిందరవందరగానే ఉంది. అలాగే ఉండాలి… అవును, ఆ ఒక్కటీ సగమే గుచ్చి ఉంది, నాకు తెలుసు… నొక్కకండి! మీకు దణ్ణం పెడతా, నొక్కకండి…

నేనేనండీ. నేనే కట్టా. ఈసారి పొరపాటున రాలేదు… ఏడవట్లేదు, టంకం పొగ… సరే, ఇవాళ టంకం వెయ్యలేదు. ఏడుస్తున్నా. ఏం?

ఫోన్ ఇక్కడే పెడుతున్నా. ఎవరూ కట్ చెయ్యకండి… మెల్లగా నడవండి. బస్సులో ఇద్దరు పడుకున్నారు.