మచ్చల్లేని మొకం

ఏ లెన్స్ ఇష్టమని అడుగుతుండావా పాపా? నా కాడ ఉండేవి రెండే. ఒకటి ఇత్తడిది, మద్రాసులో పాత సామాన్లోళ్ళ దగ్గర కొన్నా. నలభయ్యో... కాదు కాదు, యాభై రూపాయలు. మీ అవ్వ రెండ్రోజులు నాతో మాట్లాడలా. రెండోది జర్మనీది, కెమెరాతో పాటు వచ్చింది. ఇత్తడిదాన్ని మెత్తది అనేవాణ్ణి, జర్మనీదాన్ని కరుకుది. కరుకుదాంట్లో తీస్తే మీసంలో వెంట్రుకలు లెక్కబెట్టొచ్చు. నాకిష్టం కరుకుదే. మొదట్లో అట్టా కాదులే.

ఆ రోజుల్లో మా తట్టు అమ్మవారు పోయని ఇల్లు లేదు. అదే, మశూచి అంటారే. మొకాల నిండా గుంటలు. ఆత్మకూరు బజార్లో నా స్టూడియోకి వచ్చినోళ్ళంతా మచ్చలు పడకుండా తియ్యమనేవాళ్ళు. మెత్తదాంట్లో తీస్తే మొకం వెన్నముద్ద మాదిరి వచ్చేది. ఆపైన కడిగిన ఫిలిం మీద సన్న పెన్సిల్‌తో మిగిలిన గుంటలు గూడా పూడ్చేవాణ్ణి. ఆ పనికి నాకు పేరుండేది, పొగరు గూడా ఉండేది.

ఉదయగిరి కొండ కింద జీవాలు మేపుకునే కొండయ్యని ఒకాయన, సంతకు గొర్లు తోలుకొచ్చి, పెళ్ళాంతో స్టూడియోకి వచ్చినాడు. ఆమె పోలమ్మ. ఆయనొక్కడికే ఫొటో కావాలన్నారు. కూర్చుంటానే, "ఉండేది ఉన్నట్టు తియ్యి సామీ" అన్నాడు. నేను వింటేగా. ఆయన మొకం నిండా గుంటలు చూసి మెత్తదే తగిలించినా.

వచ్చే సంతకు తీసుకుంటామని పొయ్యినారు. ఆ సంతకు పోలమ్మ ఒకతే వచ్చింది. జరమొచ్చి నాలుగు రోజుల్లో పొయ్యినాడంట. నేను అయ్యో అని, ఫొటో తెచ్చి చేతిలో పెట్టినా, మెచ్చుకుంటాదని. ఆమె చానాసేపు చూసింది.

"ఎవురయ్యా ఈయన?" అనింది.

"మీ ఆయనేగదమ్మా."

"మచ్చలేవి?"

"తీసేసినానమ్మా, అందంగా ఉంటాదని."

"అమ్మవారు పెట్టిపొయ్యిన గుర్తులు తీసేదానికి నువ్వెవురు? నేను కాపరానికొచ్చిన కాణ్ణించి చూసింది ఆ మొకాన్నే" అనింది. అరవలా. మామూలుగానే అనింది.

నాకు సిగ్గేసింది పాపా. కూర్చోమ్మా అని చెప్పి లోపలికి పొయ్యి, టర్పెంటైన్ గుడ్డతో పెన్సిలంతా తుడిచినా. మళ్ళా ప్రింటేసినా. పెన్సిల్ పొయ్యింది గానీ, మచ్చలు రాలా. లెన్సే వాటిని పట్టకపోతే ఫిలింలోకి యాడి నుంచి వస్తాయి? ఇంకోటి బాగా నల్లగా వేసినా. అప్పుడు ముక్కు పక్కన ఒక్క గుంట కనపడింది, పెద్దది. అంతే.

పోలమ్మ మెట్టు మీద కూర్చోనుండాది. ఆ తడి కాగితమే తీసుకోని, ఆ గుంట కాడ ఏలు పెట్టింది. "ఈడ మాత్రం ఆయనే" అనింది. కొంగులో చుట్టుకోని ఉదయగిరి బస్సెక్కి పొయ్యింది.

ఆమె మొగుడు మొత్తం నా ముందర కూర్చుంటే, నేను ఒక్క గుంటంత మాత్రం ఇచ్చి పంపినా. అది నాకు ఇప్పటికీ బాధే.

నువ్వు నవ్వితే కంటి పక్కన ముడత పడతాది చూడు పాపా... అది అట్టనే పడతా ఉండాల, నూరేళ్ళు.