ఆయన మాట, నా గొంతు

"తాతా, నువ్వు ఒకప్పుడు సువార్త కూటాలల్ల ఇంగ్లీషు ప్రసంగాలకు తర్జుమా చేస్తుంటివంట గద. నాన్న చెప్పిండు. మరి ఎందుకు మానేసినవ్?"

మానేసుడు కాదు బిడ్డా, మాన్పించిన్రు. కాదు కాదు, అట్ల గూడ కాదు. సగం వాళ్లు మాన్పించిన్రు, సగం నేనే మానుకున్న. ఆ ఫ్యాను జర తగ్గియ్యి, నా మాట నాకే ఇనపడ్తలేదు. ఆఁ, ఇగ కూసో.

మాది మోతె దిక్కు ఊరు, నీకెరుకే. మా నాయిన కూలికి పోయెటోడు. నన్ను మిషన్ హాస్టల్ల ఏసిండు. ఆడ వార్డెనమ్మ ఒకామె ఉండె, ఇంగ్లీషుల అడిగితేనే పెరుగు పోసేది. తెలుగుల అడిగినోనికి ఉత్త పులుసే. అట్ల పెరుగు కోసం నేర్సుకున్న ఇంగ్లీషు అది. తర్వాత సూర్యాపేటల ఇంగ్లీషు సారునైన. ఇప్పుడు ఒక చాయ్‌కి ఇచ్చే పైసలతోని అప్పుడు సూర్యాపేట నుంచి కోదాడకు బస్సుల పోవొచ్చు, అప్పటి ముచ్చట ఇది.

మనోళ్లల్ల ఇంగ్లీషు వచ్చినోళ్లు తక్కువ గద. ఏడ కూటాలైనా నన్నే పిలిసెటోళ్లు. తర్జుమా అంటే ఏమనుకుంటున్నవ్, ఉత్త మాటలు మార్సుడు కాదు. ఆయన స్టేజీ మీద ఉరికితే నేనూ ఉరకాలె. ఆయన చెయ్యి లేపితే నేనూ లేపాలె. ఆయన ఏడుస్తే నా గొంతు గూడ వణకాలె. నేను మంచిగ చేస్తుండె. ఊర్లల్ల జనం, ప్రసంగం ఎవరిదని అడగకపోయేది, తర్జుమా సారు వస్తున్నడా అని అడిగేది. అబద్ధమెందుకు, నాకు గర్వముండె.

అనుమానాలు లేవా అంటే, ఉండె. చాన ఉండె. ఒకాయన వచ్చి, ఫలానా దేశపు రాజును సూపెట్టి, అంత్యదినాల మృగం అని బైబిల్ల రాసి ఉన్నది ఇతని గురించే అన్నడు. నేనే తర్జుమా చేసిన. ఆ రాజు సచ్చిండు. నాలుగైదేండ్లకు ఇంకొకాయన వచ్చిండు, అదే వాక్యం తీసిండు, ఇంకో దేశపోన్ని సూపెట్టిండు. అదీ నేనే తర్జుమా చేసిన. ప్రసంగం చేసెటోళ్లు మారిన్రు, ఇనెటోళ్లు మారిన్రు, రెండూ ఇన్నది నేనొక్కన్నే. జరిగినంక ఎనక్కి తిరిగి సూసి, ఇదిగో ముందే రాసి ఉన్నది అనుడు అల్కగ ఉంటది బిడ్డా. ముందుగాల చెప్పమంటే ఎవ్వడూ సక్కగ చెప్పడు.

ఇగ రెండు వేల సంవత్సరం వస్తున్నదంటే ఎంత పరేషాన్ చేసిన్రో. లోకం ఖతం అన్నరు. మా నాయిన అప్పటికి ముసలోడు, నన్ను పిలిసి అడిగిండు, ఏందిరా, లోకం ఆఖరైతదంటున్నరు, మరి వచ్చే వానకాలం కంది ఏద్దామా వద్దా అని. నాకేం తెలుసు నాయినా అన్న. తెల్వనప్పుడు ఏసుడే మంచిది, లోకం ఉంటే కంది లేకుంటే ఎట్ల అన్నడు. ఏసిండు. మంచిగ పండింది.

అగో, ఎటో పోతున్న. నేను చెప్పాల్సింది మీ పెద్ద నాయనమ్మ ముచ్చట, సుగుణమ్మ ముచ్చట. మా అన్న యాకోబు భార్య, నాకు వదినె. నువ్వు ఆమెను బాగ ముసలితనంల సూసినవ్. ఆమెకు సిన్నప్పటి నుంచి ఫిట్స్. ఉన్నట్టుండి పడిపోయేది, నోటెంట నురుగ. పెండ్లైనంక మా అన్న సూర్యాపేటల ఒక డాక్టరుకు సూపెట్టిండు. రోజు పొద్దున ఒకటి, మాపున ఒకటి గోళీలు రాసిండు. అవి వేసుకుంటె ఫిట్స్ బంద్. ఒక్క పూట గూడ తప్పొద్దమ్మా అని ఆ డాక్టరు ఎన్ని సార్లు చెప్పిండో. పదేండ్లు గట్ల మంచిగ నడిసింది.

అప్పుడు మిర్యాలగూడల మూడు రోజుల కూటాలు పెట్టిన్రు. ఒక బడి గ్రౌండుల పెద్ద షామియానా. బయటి రాష్ట్రం నుంచి ఒక పెద్దాయన వచ్చిండు. స్వస్థత వరమున్నదని పేరు. మా వదినె, మా అన్న మోతె నుంచి వచ్చి ముందట కూసున్నరు. రెండో రోజు పగటి కూటంల ఆయన ప్రసంగం మధ్యల ఆగిండు. కండ్లు మూసుకున్నడు. ఈ చోట ఒక తల్లి ఉన్నది, ఏండ్ల తరబడి ఒక రోగంతోని బాధ పడ్తున్నది, ఇయ్యాళ ఆమెకు విడుదల వచ్చింది అన్నడు. నేను తెలుగుల చెప్పిన. అమ్మా, నీ మందులు అవతల పారెయ్యి, అవి నీకిగ అక్కర లేదు అన్నడు.

ఆ మాట కాడ నేను జర జంకిన. ఎందుకంటే నా కండ్లు మా వదినె మీదనే ఉన్నయ్. ఆమె నా దిక్కు సూస్తున్నది, ఆయన దిక్కు కాదు. కానీ స్టేజీ మీద ఆగరాదు. చెప్పేసిన. గట్టిగ, ఆయన ఎంత గట్టిగ అన్నడో అంత గట్టిగ చెప్పిన. ఆమె లేసి నిలబడ్డది, ఏడుస్తనే ఉన్నది.

ఇంటికి పోయి గోళీలు ఆపేసింది. నేను వద్దన్ననా అంటే, అన్న. నసుక్కుంట అన్న. స్టేజీ మీద గట్టిగ చెప్పినోడు ఇంట్ల నసిగితే ఎవరింటరు? కానీ సూడు, నాలుగు నెలలు ఏమీ కాలే. ఒక్క ఫిట్ రాలే. ఆదివారం ఆదివారం గుడిల, నాకు నయమైందని సాక్ష్యం చెప్పేది. నాకే అనిపించింది, నేను ఉత్త అనుమానపోన్నేమో, దేవుడు నిజంగనే చేసిండేమో అని. తర్వాత డాక్టరును అడిగితె, కొందరికి గట్ల నెలల తరబడి రాకుంట ఉంటది, వచ్చిననాడు గట్టిగ వస్తది అన్నడు.

వచ్చింది. పొయ్యి మీద అన్నం వారుస్తుంటే వచ్చింది. గంజి మీద పడ్డది, ఆమె పొయ్యి మీద పడ్డది. పక్కింటామె గుంజకపోతే పానమే పోతుండె. కుడి చెయ్యి మణికట్టు కాడికెల్లి మోచెయ్యి దాక కాలింది. సూర్యాపేట దవాఖానల నెల మీద వారం రోజులున్నది.

మా ఊరి పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తానికి వచ్చిండు. మంచోడే. కానీ మంచం పక్కన నిలబడి, సుగుణమ్మకు విశ్వాసం జర తక్కువైంది, అందుకే స్వస్థత నిలబడలే అన్నడు. ఆమె తల తిప్పుకున్నది. బాగైతే ఆ పెద్దాయన గొప్ప, కాకపోతే ఈమె తప్పు. నేను సారును గద, లెక్క గట్లనే తోస్తది. తప్పు పడెతందుకు జాగనే లేని పరీక్ష అది. మన గ్రంథంలనే ఉన్నది, ప్రవక్త చెప్పింది జరగకపోతే అది దేవుడు చెప్పింది కాదని. నేను తర్జుమా చేసిన అన్నేండ్లల్ల ఆ వాక్యం మీద ఒక్కరన్న ప్రసంగం చెయ్యలే.

అయ్యగారు పోయినంక నేను వదినె కాడ కూసున్న. ఆ పెద్దాయన మాట ఇని గిట్ల చేసుకుంటివి వదినె అన్న. ఆమె నన్ను సూసి మెల్లగ అన్నది.

"ఆయన మాట నాకేమెరుక మరిదీ. నాకు ఇంగ్లీషొస్తదా? నాకు ఇనపడ్డది నీ గొంతే."

...ఆ నీళ్లు ఇటియ్యి బిడ్డా.

మరుసటేడు అదే పెద్దాయన మళ్ల వచ్చిండు, మళ్ల మిర్యాలగూడకే. నన్నే పిలిసిన్రు. పోవద్దనుకున్న. మళ్ల, నేను పోకపోతె ఇంకొకడు పోతడు, ఉన్నది ఉన్నట్టు చెప్తడు అని పోయిన. మొదటి రోజు పగటి కూటంలనే ఆయన ఆగిండు, కండ్లు మూసుకున్నడు. ఈ చోట ఒక తల్లి ఉన్నది అన్నడు. అవే మాటలు. మందులు పారెయ్యమన్నడు.

నేను మైకు పట్టుకొని తెలుగుల ఏమన్ననంటే, అమ్మా, ప్రార్థన మానకు, మందులూ మానకు, డాక్టరును అడగకుంట ఒక్క గోళీ గూడ ఆపకు అన్న. ఆయన ఎంత గట్టిగ అన్నడో అంత గట్టిగనే. జనం ఆమేన్ అన్నరు. ఆయనకు తెలుగు రాదాయె, జనం ఆమేన్ అనేసరికి సంతోషపడ్డడు. ఇంకో రెండు సార్లు అన్నడు. నేనూ రెండు సార్లు అన్న.

కానీ కోదాడ నుంచి వచ్చిన ఒక కుర్ర పాస్టరు ముందట కూసున్నడు, అతనికి ఇంగ్లీషు వచ్చు. కూటం అయిపోయినంక నన్ను పక్కకు పిలిసిండు.

"సార్, ఆయన అన్నదొకటి, మీరు చెప్పిందొకటి. దైవజనుడి మాట మార్చడానికి మీరెవరండీ?"

ఆ మాట గూడ తప్పు కాదు. తర్జుమా చేసెటోడు మాట మార్సరాదు. కూటాలు పెట్టినోళ్లు, రేప్పొద్దున పెద్దాయన కాడికి వచ్చి క్షమాపణ చెప్పమన్నరు. సరే అన్న. ఈ సంగతి ఆ మాపున ఫోన్ల మా అన్నకు చెప్తె వదినె ఇన్నది. నేనూ వస్త అన్నది. పొద్దుగాల బస్సుకే వచ్చింది.

ఒక రైసుమిల్లు ఆసామి ఇంట్ల ఆయనకు దిగెతందుకు జాగ ఇచ్చిన్రు. ఎనక మిల్లు నడుస్తున్నది, ఇల్లంత తవుడు వాసన. మా వదినె కొంగు తీసి చెయ్యి సూపెట్టింది. పెద్దాయన లేసి, తన కుర్సీ ఆమెకు ఏసిండు. ఏమైందని అడిగిండు. చెప్పిన. ఆయన మొకం మారింది. అప్పుడు మా వదినె, ఆయన్ని ఒక్కటే అడుగు మరిదీ అన్నది, ఆనాడు నన్ను సూసే చెప్పిండా అని.

అడిగిన. ఆయన ఆమె చెయ్యి దిక్కు సూసిండు. తర్వాత, అంత మంది కూడిన చోట అటువంటి బాధ పడే తల్లి ఒకామె తప్పకుంట ఉంటది, ఆమె కోసం చెప్పిన, నమ్మకంతోనే చెప్పిన, ఆమె ఎవరన్నది నాకు తెల్వదు అన్నడు.

ఇగ తర్జుమా చెయ్యాలె. నేను కావాలంటె, ఆయన నిన్ను ఆత్మల సూసిండట వదినె అని చెప్పొచ్చు. ఆమె సంతోషపడ్తుండె. నిన్న ఒక మాట మార్సినోన్ని, ఇయ్యాళ ఇంకోటి మారిస్తె ఏం పోతది? కానీ మార్సలే. ఉన్నదున్నట్టు చెప్పిన.

"అంటే నన్ను సూడలే," అన్నది.

ఆమె ఏమన్నదని ఆయన అడిగిండు. అదీ చెప్పిన. ఆయన చేతులు జోడించిండు, మన్నించమ్మా అన్నడు. దొంగోడు కాదు బిడ్డా ఆయన, అది నేను ఎవరితోనైనా చెప్తా. తన మాట తనే నమ్మెటోడు. దొంగోడైతే నాకు అల్కగుంటుండె. ఆ పగలు మళ్ల స్టేజీ ఎక్కిండు. ఆ మందుల మాట మళ్ల అన్నడో అనలేదో నాకు తెల్వదు. ఆడ కోదాడ పాస్టరు తర్జుమా చేసిండు. నన్ను మళ్ల ఎవ్వరూ పిలవలే. నేనూ అడగలే.

నేనూ, వదినె బస్సెక్కినం. కిటికీ కాడ కూసున్నది. చాన దూరం బయటికే సూసింది. తర్వాత నా దిక్కు తిరగకుంటనే అడిగింది.

"మొదటిసారి నువ్వు సెప్పినవ్ సూడు మరిదీ, అప్పుడు నీకు నమ్మకమున్నదా?"

ఉన్నదని చెప్తె అయిపోతుండె. నేను గూడ మోసపోయిననని ఆమె అనుకుంటుండె. కానీ లేకుండె బిడ్డా. ఆయన నమ్మి చెప్పిండు, నేను నమ్మకనే చెప్పిన.

"లేదు వదినె," అన్న.

సూర్యాపేటల దిగి, నేను మోతె బస్సు ఎక్కిస్తానంటె, నేనే పోత అన్నది. నాలుగైదు నెలలు నాతోని మాట్లాడలే. మా ఇంటికొస్తె మీ నాయనమ్మతోనే మాట్లాడేది, నేనుంటె కొంగు సక్కగ సదురుకొని బయటికి పోయేది. నేనొకనాడు మోతెకు పోయి, వదినె, తప్పైంది అన్న. ఆమె అన్నం పెట్టింది. తిన్న. అది మాఫీ అనుకోవాల్నో, వచ్చినోనికి పెట్టే అన్నమే అనుకోవాల్నో నాకు ఇప్పటికీ తెల్వదు.

గోళీలు మళ్ల మొదలువెట్టింది. గుడికీ పోయింది, ఒక్క ఆదివారం తప్పలే. ఫిట్స్ మళ్ల రాలే. డెబ్బై దాటినంక నిద్రలనే పోయింది, మంచిగ పోయింది. నేనా? నేనూ పోతనే ఉన్న గుడికి. ఎనక బెంచీల కూసుంట. ప్రార్థన చేస్త. ప్రవచనం, అద్భుతం అంటె, తెల్వదు అంట. మనకు తెల్వనివి చాన ఉంటయ్, తెల్వదనుడు పాపం కాదు. తెలిసినట్టు చెప్పుడే...

ఇగ సాలు తియ్యి. సల్లగుండు బిడ్డా. నీ నోటెంట వచ్చే మాట ముందుగాల నీ లోపల ఉండాలె, గంతే. నిండుగ బతుకు.