యాభై ఏడా, అరవయ్యా

హలో… ఆ, యాదయ్యనే, గేటుకాడి రూమ్‌లకెల్లి. చెప్పుండ్రి రామబ్రహ్మం సార్, రేపటి బాక్సింగ్ సెలక్షన్ లిస్టు వచ్చిందా?…

వచ్చిందా. మంచిది. ఆగుండ్రి, పెన్ను తీస్కుంట… ఇంకొక్క నిమిషం సార్, పక్క ప్లాటుల బండలు పేలుస్తున్నరు, విజిల్ ఏసిండ్రు…

…ఆ, పేలింది. ఇగ చెప్పుండ్రి. యాభై ఏడు కిలోలల్ల ఎంతమంది?…

పద్నాలుగు. సరె.

…లేదు సార్, పరేషాన్ ఏం లేదు. బాక్సింగ్‌ల తలకాయలు లెక్కపెట్టొద్దు. పద్నాలుగు మందిల పదిమంది టీషర్టు కోసం వచ్చినోళ్లే ఉంటరు. మొదటి గుద్దుకే ఇల్లు యాదికొస్తది. మిగిలిన నలుగురు ఎవరన్నది చూడాలె. పోయినేడు యాభై ఒకటిల ఐదుగురే. ఆ ఐదుగురికి ఐదుగురు గట్టోళ్లే. ఒకని ముక్కు ఇంకా సక్కగ కాలే… ఆ, పెద్ద వెయిట్ల సంగతి వేరే. తొంభై ఒకటిల తూకం మిషన్ ఎక్కి దిగినోనికల్లా మెడల్.

…మా స్వామా? యాభై ఏడే. అండ్లనే రాసిచ్చిన.

…అసలు వెయిటు అరవై. నాకు తెల్వదా సార్. పన్నెండు రోజులసంది దించుతున్న. పొద్దుగాల ఒక చపాతి, రాత్రి సగం. ఇయ్యాల నీళ్లు గూడ బంద్. యూనిఫాం లోపల స్వెటర్ తొడిగించి గేటుకాడ ఎండల నిలబెట్టిన. డబ్బాల ఉమ్ముతుండు… తూకం దిగేందుకు సార్. లోపల ఆఫీసుల కంప్యూటరోళ్లు కంప్లైంటిచ్చిండ్రు, వాచ్‌మన్‌కు ఏదో రోగమున్నదని.

…వాడేమంటడు? పగలు ఈ గేటుకాడ నా చేతికిందనే, సాయంత్రం బాలానగర్ షెడ్డుల బాక్సింగ్‌కు నా చేతికిందనే. ఏమంటడు?

…ఎందుకంటే, అరవైల ఆరోన్ ఉన్నడు కద సార్. మూసాపేట ఆరోన్. రెండేండ్ల కింద మావోణ్ణి రెండో రౌండ్ల పడగొట్టిండు. ఆరోన్, వాని జతగాళ్లు ఇంకో ముగ్గురు. ఆ వెయిట్ మంచిది కాదు. రేపు గెలిచినోడే నేషనల్స్‌కు పోతడు. ఆ సర్టిఫికెట్ ఉంటేనే పోలీసుల తీస్కుంటరు. వచ్చే ఏడుకు వీనికి వయసు దాటుతది. దాటితే ఇగ ఈ గేటే… గేటు సంగతి నాకెరికే సార్. పదకొండేండ్లాయె, ఏదో ఒక గేటు పట్టుకోనే ఉన్న.

చదువుండ్రి ఇగ. యాభై ఏడు… ఆ… ఆ… ఆ… ఎవరూ?

ఏ ఆరోన్?

…మూసాపేట ఆరోన్ యాభై ఏడుల ఏంది సార్, వాడు అరవై కద… దిగిండా. ఎందుకు దిగిండు?… మళ్లొక్కసారి చెప్పుండ్రి, బస్సు పోయింది, ఇనవళ్లే.

స్వామికి భయపడి?

ఏ స్వామి?

…మా స్వామా.

…ఎవరన్నరు సార్ గా మాట? వాని కోచ్ కిరణ్ పాలే అన్నడా… మా షెడ్డుకు వచ్చిపోయిండా, ఎప్పుడు?… అగో, ఆ రోజా. ఆ రోజు మావోడు గుద్దితే బస్తా చినిగింది, నిజమే. బస్తా పాతదాయె అనుకున్న నేను.

…మరి ఆ ముగ్గురు?… వాళ్లు గూడ దిగిండ్రు. అందుకే పద్నాలుగు.

…అంటే వాళ్లు మావోనికి భయపడి కిందికొచ్చిండ్రు. మావోడు వాళ్లకు భయపడి కిందికొచ్చిండు. అందరు కలిసి పన్నెండు రోజులసంది అన్నం మానేసిండ్రు.

…నవ్వుండ్రి సార్, పర్వాలే.

…అరవైల ఎవరున్నరు మరి?… ఒక్కడే? ఇస్సాకు… ఎవరు ఈ ఇస్సాకు?… ఏ క్లబ్బు?… క్లబ్బే లేదా. బాలానగర్‌ల లేత్ మిషన్ మీద పనిచేస్తడు. మంచిది. ఎవరెవర్ని కొట్టిండు?… అదీ తెల్వదు.

…రేపు తూకం దాక మార్చొచ్చా? ఆగుండ్రి, జర ఆలోచించనియ్యుండ్రి…

తెల్వనోడు మంచిది కాదు సార్. అందరు పోయిన వెయిట్ల ఒక్కడు మిగిలిండంటే, మస్తు గట్టోడన్న కావాలె, ఏం తెల్వనోడన్న కావాలె. ఏదని రాసుకోవాలె నేను? ఇరవై ఏండ్లల్ల గిసోంటి లిస్టు చూడలే… యాభై ఏడులనే ఉంచితే ఎట్లుంటది? ఆరోన్ గూడ ఎండిపోయే ఉంటడు కద…

…నిజమే. ఎండిపోయినోడు ఒక్క బౌటు కొడ్తడు, రెండు కొడ్తడు. అండ్ల నాలుగు కొట్టాలె, అరవైల ఒక్కటే. వీని కాళ్లు ఇప్పుడే వణుకుతున్నయి. కిటికీలకెల్లి కనబడుతుండు సార్. గేటు పట్టుకోని నిలబడ్డడు.

…వాడా? ఏమనడు. దిగుమంటే దిగిండు… అడగలే… అవును సార్, ఒక్కసారి గూడ అడగలే.

…భయం వానికి కాదు సార్. నాకే. రెండేండ్ల కింద వాడు పడ్డనాడు ఇంటికి తీస్కపోయి వాళ్లమ్మ రాజమ్మకు అప్పజెప్పింది నేను. వాడు ఆమెను గుర్తుపట్టలే గంటసేపు. ఆ రోజు నుంచి ఏ వెయిట్ల ఎవడెంత గట్టోడో లెక్క చేస్తనే ఉన్న. మావోడు ఎంత గట్టోడో చూడలే.

…రాయుండ్రి. స్వామి, అరవై.

…ఆ, ఇస్సాకు గట్టోడైతే గట్టోడే. రేపు కొట్టుకుంటే తెలుస్తది.

…చెప్త సార్, ఇప్పుడే చెప్త… ఏమని చెప్పాలెనో సమజైతలేదు. ఆరేండ్లసంది మంచిగ కొట్టినవురా అని ఒక్కపారి గూడ అన్లే. నెత్తికెక్కుతదని. గిప్పుడు నిన్ను చూసి నలుగురు వెయిట్ ఇడిసిపెట్టి పోయిండ్రని ఏ నోటితోని చెప్పాలె…

…అట్లనే. లైన్ల ఉండుండ్రి.

స్వామీ! జర లోపలికి రా… గేటు ఏడికి పోదు, రా… ఆ స్వెటర్ ఇప్పు. కుర్చీల కూసో… నా కుర్చీలనే. ముందు నీళ్లు తాగు… తాగురా. మెల్లగ… రేపు అరవైలనే కొడ్తున్నవు… ఎందుకంటే ఏముంది. నువ్వు గట్టోనివి…

ఎవరన్నరా?

…నేనే అంటున్న.

…సార్, ఉన్నరా? ఇగ పెట్టేస్తున్న. బయట రెండు కార్లు హారన్ కొడుతున్నయి, గేటు తీయాలె నేను.