షెడ్డులో ఎనిమిది, ఊళ్ళో ఏడు

ఏందీ, నా కోడలు దొంగా? ఇంకొక్కసారి అను ఏకాంబరం, ఈ చెవితో గూడా వింటా. ముప్పై మరమగ్గాల షెడ్డు పెట్టుకున్న మొగోడివి, పొద్దున్నే నా గడప తొక్కి అడిగే మాటేనా ఇది?

ఆడ కూసోవద్దప్పా! బియ్యం డబ్బా అది, మూత లొట్టపోయి ఉండాది. ఇట్లా కుర్చీలోకి రా. ఆ, కూసో. అవ్వ ఇంటికొచ్చినోడు నిలబడి అరస్తే వీధిలో ఏమనుకుంటారు?

ఇప్పుడు చెప్పు. నిన్న మాపటేళ నుంచి నీ షెడ్డు గోడ మీద గడియారం కనపళ్ళేదు. ఆఖరున షెడ్డు ఊడ్చి తాళమేసేది నా కోడలు వనజాక్షి గాబట్టి, వనజాక్షే ఎత్తుకొనుంటాది. ఈ పొద్దు మాపటికల్లా గడియారం రాకపోతే మగ్గాలకు నూలు కండెలు చుట్టే పనికి ఇంక రానక్కర్లేదు. ఇదే గదా రాత్రి ఫోన్ చేసి అనినావు? ఆ బిడ్డ తెల్లార్లూ ఏడ్చింది. దిండు పిండితే బిందె నిండింది. నగరిలో నీళ్ళ కరువు తీర్చేటంత ఏడుపు!

ఏం శబ్దమా? బల్లి. మా ఇంట్లో బల్లులు జాస్తి. నేను నిజం మాట్లాడినప్పుడల్లా పలుకుతాయి.

అసలు ఆ గడియారానికి ఏం రోగమొచ్చిందో చెప్పు ముందు. ఫోన్లో నువ్వేందో సూసినావు. చలి దేశాల్లో ఎండాకాలం వస్తే గడియారం గంట ముందుకు తోస్తారంట, పగలు ఆదా అయితాదంట. సూసి ఊరికే ఉండినావా? స్టూలెక్కి ముల్లు తిప్పేసినావు. ఆ దినం నుంచి ఊళ్ళో ఏడైతే నీ షెడ్డులో ఎనిమిది. ఎండను ఆదా చేస్తాడంట, మన చిత్తూరు జిల్లాలో! ఎండ కరువొచ్చిందా అప్పా మనకు? మొన్న మిద్దె మీద వడియాలు ఆరబెడితే నూనె లేకుండానే వేగి కూసున్నాయి. ఒక కాకి దిగి, కాళ్ళు కాలి, నా చెప్పులడిగింది.

నవ్వొద్దు. నాకు మండుతా ఉండాది.

నా కూతురి కూతురు భవితను అడిగినా, పుత్తూరు కాలేజీలో చదువుతా ఉండాదే, ఆ పిల్లను. “అవ్వా, ఆ చలి దేశాల్లో ఎండాకాలం రాత్రి తొమ్మిదైనా పొద్దు గూకదు, చలికాలం నాలుక్కే చీకటి. అందుకని తిప్పుకుంటారు. మనకు ఏడాదంతా పగలు ఇంచుమించు ఒకటే, తిప్పితే మిగిలేదేముండాది?” అనింది. ఇంకో మాట గూడా చెప్పింది, విను. ముల్లు తిప్పే ఆ అమెరికాలోనే అరిజోనా అని ఒక రాష్ట్రముందంట, ఎడారి ఎండలంట. వాళ్ళు ఒక ఏడాది తిప్పి సూసి, మాకొద్దు సామీ అన్నారంట. ఎప్పుడు పొద్దు గూకుతాదా, ఎప్పుడు బయట కాలు పెడదామా అని కాసుకోనుండేటోళ్ళకు ఇంకో గంట ఎండ ఎందుకు? నాకైతే వాళ్ళు మన వడమాలపేటోళ్ళకు చుట్టాలనిపించినారు. ఎండలో మాడినోళ్ళ తెలివి అది. ఏసీ గదిలో కూసోని ఫోను సూసేటోడికి ఎట్లొస్తాది?

మొదటి వారం ఏం జరిగింది, మర్సిపోతివా? గోడ గడియారం ఆరు కాగానే ఆడోళ్ళను పంపిస్తివి. ఊళ్ళో అయిదు! రోడ్డు మీద తారు నెయ్యి మాదిరి కారతా ఉండాది. స్టెల్లా, మా వనజాక్షి పక్కన కండెలు చుట్టే పిల్ల, బస్టాండు కాడ కళ్ళు తిరిగి పడిపోయింది. నిమ్మకాయ సోడా తాపిస్తే గానీ లేవలా. అప్పుడు అందరూ వచ్చి, అన్నా, ముల్లు మళ్ళీ తిప్పెయ్ అని అడిగిరి.

నువ్వేం జేస్తివి? “అట్నే తల్లీ, ఎండ తగ్గినాకే పోండి” అంటివి. నీ చేతి గడియారం సూసి ఊళ్ళో ఆరింటికి పంపిస్తివి. ఎంత మంచోడు మా ఏకాంబరం అని ఈ పిచ్చి మొహాలు దండం గూడా పెట్టినారు. పొద్దున ఎనిమిదికి రమ్మనేది మాత్రం గోడ గడియారమే! వచ్చేదేమో గోడదాన్ని సూసి, పోయేదేమో నీ చేతిదాన్ని సూసి. నడాన ఒక గంట యాడికి పోయిందప్పా? ఎవురి కడుపులోకి పోయింది? నెల దినాలుగా అడుగుతా ఉండారు, నువ్వు నెత్తి గోక్కుంటా ఉండావు.

కొళాయి నీళ్ళు ఏడింటికొస్తాయి. మున్సిపాలిటీ వాళ్ళు నీ ఫోను సూడలేదు, పాపం. ఆ టయానికి వనజాక్షి నీ షెడ్డులో ఉంటాది. నీళ్ళెవరు పట్టాల? ఈ ముసల్ది! దినానికి నూట ఇరవై బిందెలు మోస్తా ఉండా. సరే, నాలుగు. నా మోకాళ్ళు నీ మగ్గాల కంటే గట్టిగా కొట్టుకుంటా ఉండాయి, కావాలంటే చెవి పెట్టి విను.

అబ్బ, చెప్తిని గదా, బల్లి అని!

ఆ గడియారం మీద ఇంత ప్రేముండేవాడివి, పోయిన నెల అది ఆగిపోతే ఒక సెల్లు తెచ్చేసినావా? మా టీవీ రిమోటులోది పీకి తెచ్చి వేసింది నీ దొంగ వనజాక్షి. అప్పట్నుంచి మా ఇంట్లో ఒకటే చానెల్. పొద్దస్తమానం వ్యవసాయం. వరికొచ్చే తెగుళ్ళన్నీ నాకు నోటికొచ్చేసినాయి, సెంటు భూమి లేకపోయినా.

ఏందీ? యాడికి లేస్తా ఉండావు? దాని ట్రంకు పెట్టె తెరిచి సూపించాల్నా?

వనజా, ఆగు. తాళం చెవి ఆడ పెట్టు. పెట్టమంటా ఉండా గదా! ఆ పెట్టెలో పిల్లకు పెళ్ళినాటి చీరుండాది, పోయిన అమ్మ ఫోటో ఉండాది. పరాయి మొగోడు చెయ్యి పెట్టి కెలకడానికి గాదు.

కూసో ఏకాంబరం. తీసింది నేను.

అవును, నేనే! నిన్న మాపటేళ కోడలి కోసమొచ్చినా. అది వెనక ఊడుస్తా ఉండాది. నువ్వు ముల్లు తిప్పడానికెక్కిన స్టూలే, నేనూ ఎక్కినా. కోతి మాదిరి ఎక్కినా. కొంగులో చుట్టుకొని, దాని పక్కనే నడిచి ఇంటికొచ్చినా, దానికి తెలీదు. ఇదో, బియ్యంలో ఉండాది నీ బల్లి.

పోలీసు స్టేషనుకా? పా, ఇద్దరం పోదాం. నేను ఒక గడియారం తీసినా అని నేను చెప్తా, దినానికొక గంట తీసినా అని నువ్వు చెప్పు. పనిలోంచి తీసేస్తావా? నన్ను తియ్, నేను నీ కాడ పని చేస్తే గదా! వనజాక్షి పనికొస్తాది. ఎనిమిదికొస్తాది. ఊళ్ళో ఎనిమిదికి. మిగతా ఆడోళ్ళు గూడా అంతే, రాత్రి ఒక్కో ఇల్లూ తిరిగి చెప్పొచ్చినా. ఊళ్ళో ఏడింటికి షెడ్డులో కూసోని నువ్వే కండెలు చుట్టుకో.

ఇదో, పట్టుకో నీ గడియారం. బియ్యం గింజలు దులుపుకో. ఉండుండు, వెనక మూత ఒకసారి తియ్యనీ... ఆ. గడియారం నీది, సెల్లు మాది. వనజా, రిమోటు ఇట్లా తే.

టిక్కుమనడం ఆగిందా? ఇంక పలకదులే నా బల్లి. పోయిరా నాయనా, వాకిలి తలుపు దగ్గరికేసి పో, ఎండ లోపలికొస్తా ఉండాది.