మూడుసార్లు తట్టిన చప్పుడు

నా పేరు రదొస్తీనా వెల్చెవా. వయసు యాభై రెండు. సరిహద్దు, కస్టమ్స్ శాఖలో అంతర్జాతీయ సంబంధాల విభాగానికి పదకొండేళ్లుగా అధిపతిని. ఈ నెల 16న నేనిచ్చిన మొదటి వాంగ్మూలంలో ఒక మాట అబద్ధం. దాన్ని సరిచేయడానికి ఈరోజు, 2004 అక్టోబరు 21న, ఎవరూ పిలవకుండానే న్యాయాధికారి గారి ఎదుటికి వచ్చాను.

సరిహద్దు నదికి రెండు ఒడ్ల అధికారులను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడం నా పని. ఆఫీసులో నా వెనకాల నన్ను పెళ్లిళ్ల పేరమ్మ అంటారు. అనుకోనివ్వండి, ఆ పని నేను బాగానే చేశాను. ఏటా అక్టోబరులో నది అవతలి శాఖ వాళ్లు మా ఊరికి సమావేశానికి వస్తారు. వాళ్ల వాహనాలను తనిఖీ చేయనక్కర్లేదని నేను ముందుగా ఉత్తరం రాసి సంతకం పెడతాను. అలా రాయమని చట్టంలో ఎక్కడా లేదు. అది మర్యాద, అంతే.

14వ తేదీ గురువారం ఉదయం 10 గంటల 40 నిమిషాలకు ఫెర్రీ రేవులో బారికేడ్ దగ్గర నిలబడ్డాను. చేతుల్లో కుట్టుపని తువ్వాలు, దాని మీద రొట్టె, ఉప్పు. అతిథి రొట్టె తుంచి ఉప్పులో అద్దుకుని తినేదాకా మేము వేరే సంగతి ఎత్తము. అవతలి శాఖలో నా హోదా మనిషి కొర్నెల్ బ్రతెయాను కారు దిగి వచ్చి రొట్టె తుంచాడు. ఆయన వెనక తెల్ల వ్యాను ఆగింది. అందులో బహుమతికి తెచ్చిన వైన్ పెట్టెలు ఉన్నాయని నా ఉత్తరంలో నేనే రాశాను.

ఆరోజు రేవులో డ్యూటీ ఇన్‌స్పెక్టర్ జెల్యాజ్కో మితెవ్. అతని దగ్గర చిన్న చెక్క సుత్తి ఉంటుంది. ఏ బండి వచ్చినా పక్క రేకు మీద మూడుసార్లు తడతాడు. బోలుగా ఉంటే ఆ శబ్దమే చెబుతుందట. ఇరవై ఏళ్ల అలవాటు. ఉత్తరం చూపించినా తట్టాడు.

"మీవాడు పుచ్చకాయ బేరమాడుతున్నాడా చెల్లెమ్మా?" అన్నాడు కొర్నెల్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మితెవ్ నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు: "మేడమ్, లోపల్నుంచి మళ్లీ తట్టారండీ."

"సీసాలు కదిలుంటాయిలే."

"సీసాలు లెక్కపెట్టి తట్టవు కదండీ. నేను మూడు కొట్టాను, మూడే వచ్చాయి. ఒక్క నిమిషం తలుపు తీయనివ్వండి."

"అతిథి నోట్లో ముద్ద ఉండగా నా పరువు తీస్తావా? పక్కకి జరుగు."

అతను జరిగాడు. వ్యాను వెళ్లిపోయింది. రొట్టె ముక్క ఒకటి కింద పడితే వంగి తీశాను. ఎందుకో అది బాగా గుర్తుంది.

మొదటి వాంగ్మూలంలో నాకేమీ వినపడలేదని చెప్పాను. నాకు వినిపించింది. మితెవ్ నా దగ్గరికి రాకముందే వినిపించింది. మూడుసార్లు, నెమ్మదిగా. నాకు వినిపించింది.

ఆ సాయంత్రమే లోపల దాచిన మనుషులను దింపేయాలని వ్యాను డ్రైవరు అనుకున్నాడట. కుదరలేదు. అతిథుల వాహనాలకు హోటల్ వెనక కాపలా పెట్టించాను. అదీ నా మర్యాదే. కాపలా పోలీసు వ్యాను పక్కనే నిలబడి ఉంటే డ్రైవరు దగ్గరికి వెళ్లలేకపోయాడు. మర్నాడు సాయంత్రం 4 గంటల 10 నిమిషాలకు ఆ కాపలా పోలీసే వాసన వచ్చి తలుపు పగలగొట్టాడు. పెట్టెల వెనక చెక్క గోడ, దాని వెనక ముగ్గురు. ఇద్దరు బతికారు. మూడో మనిషి ఆడమనిషి, నా ఈడుది. పేరు ఇంకా తెలియలేదు. ఆసుపత్రిలో నాకు చూపించారు. ఆమె కుడిచేతి వేళ్ల గణుపులు చెక్కుకుపోయి ఉన్నాయి.

కొర్నెల్ పదకొండేళ్లలో మొదటిసారి నా ఫోను తీయడం లేదు. ఆయనకు ముందే తెలుసో లేదో నేను చెప్పలేను. మితెవ్‌ను ఉద్యోగం నుంచి తప్పించి, బండిని వదిలేశాడని కేసు పెట్టారు. నేరం రుజువైతే జైలు. రేవు రిజిస్టరులో ఉన్న సంతకం అతనిది. బండిని వదిలింది నేను. అతను తలుపు తీస్తానన్నాడు, నేను వద్దన్నాను.

ఆ చప్పుడు ఎంత గట్టిగా వినిపించిందని న్యాయాధికారి గారు అడిగారు. మాటల్లో చెప్పలేక బల్ల మీద వేలి గణుపులతో మూడుసార్లు తట్టి చూపించాను. బయట ఉన్న కానిస్టేబుల్ వెంటనే తలుపు తీసి, "పిలిచారాండీ?" అని అడిగాడు.

ఇదంతా నాకు చదివి వినిపించారు. ఇందులో ఉన్నది నిజం, నేను చెప్పిందే. కానిస్టేబుల్ తలుపు తీసిన సంగతి అవసరం లేదని గుమాస్తా గారు కొట్టేయబోతే, ఉంచమని నేనే అడిగాను.

(సంతకం) ర. వెల్చెవా